పెద్దసారు గది గోడ మీద 240 గళ్ళు

ఎల్బీనగర్ నుంచి సాగర్ రోడ్డు పట్టుకుని, గుర్రంగూడ మీదుగా లోపలికి తిరిగితే నాదర్‌గుల్. విమానం నడపడం నేర్పడానికి వేసిన ఎయిర్‌ఫీల్డ్, 1981 నుంచి ఉన్న ఎంవీఎస్ఆర్ ఇంజినీరింగ్ కాలేజీ, వెంచర్ల హద్దురాళ్ళు, పొద్దున్నే వరస కట్టే పసుపుపచ్చ స్కూలు బస్సులు. ఆ బస్సులు తమ వాకిట్లో ఆగని పిల్లలు నడిచి పోయే సర్కారు హైస్కూలు ఒకటి ఆ చుట్టుపక్కల ఉంది. దాని పేరుతో మనకు పని లేదు. పెద్దసారు గదిలో గోడకు వేలాడే ఒక అట్ట కోసం నేను అక్కడికి వెళ్ళాను.

తెల్ల చార్టు, దాని వెనక థర్మకోల్ షీటు, అంచులకు బ్రౌన్ టేపు. పైన ఎర్ర స్కెచ్ పెన్నుతో ‘టైం టేబుల్’ అని రాసి ఉంది. అడ్డంగా ఆరు రోజులు, రోజుకు ఎనిమిది పీరియడ్లు. నిలువుగా ఆరు నుంచి పది దాకా ఐదు తరగతులు, తరగతికి ఒక్కటే సెక్షను. ఐదు నలభైఎనిమిదులు 240. ప్రతి గడిలో రెండే గుర్తులుంటాయి: పైన సబ్జెక్టు పొట్టి పేరు, కింద టీచరు పొట్టి సంతకం. కొన్ని గళ్ళు నీలి ఇంకుతో, కొన్ని పెన్సిలుతో రాసి ఉన్నాయి. పెన్సిలు గళ్ళ దగ్గర కాగితం రబ్బరు రాపిడికి పొరలు లేచి మెత్తబడింది.

“పెన్నుతోని రాసింది జూన్ల ఉంటది సార్. పెన్సిల్‌తోని రాసిందే ఏడాదంత నడుస్తది” అన్నారు పెద్దసారు, అట్టను గోడ మీంచి దించి బల్ల మీద పరుస్తూ.

ఈ పట్టికకు మూలసూత్రం ఒక్కటే. ఏ నిలువు వరసలోనూ ఒక సంతకం రెండుసార్లు కనబడకూడదు. సోమవారం మూడో పీరియడ్‌లో తెలుగు సారు ఏడో తరగతిలో ఉంటే అదే గంటకు పదిలో ఉండలేరు కదా. వినడానికి పసిపిల్లల ఆటలా ఉంటుంది. ఖాళీ చార్టు ముందు కూర్చుని నింపడం మొదలుపెట్టండి, 150 గళ్ళ దాకా చేయి చకచకా సాగుతుంది. అక్కడి నుంచి ఒక్కో సంతకం పెట్టడానికి వెనక్కి పోయి మూడు సంతకాలు చెరపాల్సి వస్తుంది.

అందుకే నింపే వరసలోనే పనితనమంతా ఉంది. పెద్దసారు ముందు కదలని గళ్ళు పెడతారు: మధ్యాహ్న భోజనం ముందరి పీరియడ్, శనివారం చివరి ఆటల పీరియడ్, ప్రయోగాలకు జంటగా రావాల్సిన రెండు సైన్సు పీరియడ్లు. తర్వాత సగం మాత్రమే దొరికే మనుషులు, అంటే వారంలో కొన్ని రోజులు ఇంకో బడికి పోయే టీచర్లు. ఆ తర్వాత పదో తరగతి లెక్కలు, ఎందుకంటే పిల్లల బుర్ర తేటగా ఉండే మొదటి రెండు పీరియడ్లలోనే అవి పడాలి. ఆ పైన మిగతా సబ్జెక్టులు. అన్నిటికన్నా చివర, ఎక్కడైనా ఇమిడిపోయే లైబ్రరీ, డ్రాయింగ్. బస్తాలో ముందు పెద్ద రాళ్ళు, పిమ్మట గులకరాళ్ళు, ఆఖరున ఇసుక పోసినట్టు. తారుమారైతే బస్తా నిండినట్టు కనబడుతుంది గానీ పెద్ద రాయి బయటే ఉండిపోతుంది.

ఈ చిక్కుకు గణితశాస్త్రంలో ఒక చరిత్ర ఉంది, అది తెలిశాక ఆ చార్టు మీద నాకు గౌరవం రెట్టింపైంది. అందరు టీచర్లూ అన్ని పీరియడ్లలోనూ దొరికితే, ఎవరి పనీ ఉన్న పీరియడ్ల సంఖ్యను మించకపోతే, పట్టిక కుదిరి తీరుతుంది. హంగరీ గణితవేత్త డెనెష్ కొనిగ్ 1916లో నిరూపించిన సిద్ధాంతం నుంచి ఈ మాట నేరుగా వస్తుంది. ఓపిక ఉంటే చాలు, దారి ఉందన్న హామీ ఉంది. 60 ఏళ్ళ తర్వాత, 1976లో, షిమోన్ ఈవెన్, అలోన్ ఇటాయ్, ఆది షమీర్ అనే ముగ్గురు ఇంకో సంగతి తేల్చారు. టీచర్లు కొన్ని వేళల్లోనే దొరికే పక్షంలో, మొత్తం మూడే పీరియడ్లున్నా సరే, పట్టిక అసలు కుదురుతుందా లేదా అని చెప్పడమే కంప్యూటర్ శాస్త్రంలోని అతి కఠినమైన చిక్కుల కోవలోకి వెళ్తుంది. అన్ని సందర్భాలకూ పనికొచ్చే త్వరిత పద్ధతి ఇప్పటికీ ఎవరికీ దొరకలేదు. ఆ ఆది షమీరే మరుసటి ఏడు, నేడు బ్యాంకు లావాదేవీలను కాపాడే ఆర్ఎస్ఏ సంకేత పద్ధతిని కనిపెట్టిన ముగ్గురిలో ఒకరు.

ఇది ఎక్కడో విదేశీ పత్రికల్లోని ముచ్చటగా మిగిలిపోలేదు. పోస్టులు నిండిన బడి కొనిగ్ సిద్ధాంతం కింద ఉంటుంది. పోస్టు ఖాళీ పడి, పక్క బడి టీచరును పంచుకోవాల్సి వచ్చిన రోజున అదే బడి 1976 నాటి చిక్కులోకి జారిపడుతుంది. మన విద్యాశాఖ భాషలో దాని పేరు ‘పని సర్దుబాటు’. ఆర్డరు కాగితం మీద అది ఒక్క వాక్యమే, ఫలానా స్కూల్ అసిస్టెంట్ వారంలో మూడు రోజులు ఫలానా బడిలో పనిచేయాలని. ఆ వాక్యాన్ని గళ్ళలోకి దించే భారం పెద్దసారుది.

ఎలా దించుతారో ఒక లెక్క వేసుకుని చూద్దాం. లెక్కల సారు మూడు రోజులే వస్తారు. అంటే 24 పీరియడ్లు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి ఎనిమిదేసి పీరియడ్ల లెక్కలు కావాలనుకుంటే మూడెనిమిదులు 24. అంకెల్లో అచ్చంగా సరిపోయింది. కానీ ఆ సారు మూడు రోజులూ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క పీరియడ్ కూడా కూర్చోకుండా చెప్పాలి, నోట్‌బుక్కులు ఇంటికి మోసుకుపోయి దిద్దాలి. పిల్లలకు ఒకే రోజు రెండు మూడు గంటల లెక్కలు పడి, ఆ తర్వాత అసలే ఉండవు. పెద్దసారు అలా చేయలేదు. తరగతికి ఆరు చొప్పున 18 పెట్టి, సారుకు రోజుకు రెండు పీరియడ్లు ఖాళీ ఉంచారు. పక్క బడి పెద్దసారుతో మాట్లాడి, వరసగా సోమ, మంగళ, బుధ కాకుండా సోమ, బుధ, శుక్రవారాలు అడిగి తీసుకున్నారు. నడుమ వచ్చే మంగళ, గురు, శనివారాల్లో ‘సాధన’ అని ఒక పీరియడ్ పెట్టారు. ఆ గంట తరగతిలో ఉండేది బయాలజీ మేడం. సోమవారం చెప్పిన పద్ధతిలో పది లెక్కలు చార్టు మీద సిద్ధంగా ఉంటాయి, పిల్లలు అవి చేసి ఉంచితే బుధవారం సారు చూస్తారు. ఆరు, ఏడు తరగతుల లెక్కలు ఫిజికల్ సైన్స్ టీచరు ఎత్తుకున్నారు. ఇది చాలా బడుల్లో ఉన్న అలవాటే.

ఈ ఏర్పాటు మరో ఊళ్ళో, మరో గోడ మీది చార్టుతో గడియారం చక్రాల పళ్ళలా కలుసుకోవాలి. ఇక్కడ ఒక గడి కదిపితే అక్కడ ఒకటి కదులుతుంది. ఇద్దరు పెద్దసార్లు ఫోనులో మాట్లాడుకుంటూ, చెరో పెన్సిలు పట్టుకుని, ఆ రెంటినీ కలుపుతారు.

బల్ల సొరుగులో ఒక లాంగ్‌బుక్కు ఉంది. అట్ట మీద ‘సర్దుబాటు రిజిస్టర్’ అని ఉంది. టీచరు సెలవు పెట్టినా, శిక్షణకు పోయినా, ఎమ్మీవో (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి పిలుపు వచ్చినా, పొద్దున ప్రార్థన అయ్యేలోపు ఆ టీచరు పీరియడ్లను లీజర్, అంటే ఖాళీ పీరియడ్, ఉన్నవాళ్ళకు పంచాలి. చాలాచోట్ల లీజర్ ఉన్న ఎవరినో ఒకరిని గదిలో కూర్చోబెట్టి గొడవ కాకుండా చూస్తారు. ఈ రిజిస్టర్‌లో అలా లేదు. ఆ తరగతికి ఎలాగూ పాఠం చెప్పే టీచరునే అక్కడికి పంపుతారు, ఆమె తన సబ్జెక్టే చెబుతుంది. సెలవు నుంచి వచ్చిన టీచరు ఆ పీరియడ్‌ను తర్వాత ఆమె గంటలోంచి తీసుకుంటారు. పక్కన చిన్న అక్షరాలతో ‘ఇచ్చింది’, ‘తీర్చింది’ అని రెండు గడులున్నాయి. పచారీ కొట్టు ఖాతాలా పీరియడ్ల అప్పులు రాసి, తీరినప్పుడు అడ్డగీత కొడతారు. పిల్లవాడికి ఆ రోజు సోషల్ పోయి ఇంగ్లిష్ రెండుసార్లు పడింది, అంతే. చదువు గంట గంగలో కలవలేదు. ఇంత చిన్న ఉపాయం వెనక ఎంత ఆలోచన ఉందో ఆ పేజీలు తిప్పుతుంటే తెలిసింది.

హైస్కూలు ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉంది. అసలు అద్భుతం అక్కడ నా కోసం కాచుకుని ఉంది.

తెలంగాణ ప్రాథమిక బడిలో ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు నుంచి ఐదు దాకా వాటికి పరిసరాల విజ్ఞానం తోడవుతుంది. రెండు మూడులు ఆరు, మూడు నాలుగులు పన్నెండు, మొత్తం 18 సబ్జెక్టులు. 2009 విద్యాహక్కు చట్టం అనుబంధం ప్రకారం 60 మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలంటుంది. అంటే రోజుకు నాలుగు గంటలు. ఐదు తరగతులకు నాలుగేసి గంటలంటే 20. ఇద్దరు టీచర్ల దగ్గరున్నవి ఎనిమిది. ఆ ఎనిమిదిని ఐదు తరగతులకు సమంగా పంచితే ఒక్కో తరగతికి టీచరు ఎదురుగా ఉండే సమయం రోజుకు గంటా 36 నిమిషాలు.

ఇంకో టీచరు ఉంటే? అది రెండు గంటల 24 నిమిషాలవుతుంది. ఉన్న ఇద్దరిలో ఒకరు డ్యూటీ మీద పోతే 48 నిమిషాలకు పడుతుంది. అంటే ఆ బడిలో ఒక్కో టీచరు విలువ, ప్రతి తరగతికీ, ప్రతి రోజూ, 48 నిమిషాలు. ఏడాదికి 160 గంటలు. జమాఖర్చుల కాగితాల్లో ‘ఒక పోస్టు’ అని కనబడేది బడిలో ఇలా ఉంటుంది.

మరి ఆ గంటా 36 నిమిషాలతో ఏం చేస్తారు? మూడు, నాలుగు, ఐదు తరగతులు ఒకే గదిలో కూర్చున్న ఒక లెక్కల పీరియడ్ చూశాను. 40 నిమిషాలు. టీచరమ్మ నల్లబల్ల మీద రెండు నిలువు గీతలు గీసి మూడు భాగాలు చేసింది. పిల్లలు మూడు వరసల్లో ఉన్నారు. గది చుట్టూ గోడ కింది భాగంలో, పిల్లల చేతికి అందేంత ఎత్తులో, నల్లరంగు పట్టీ వేసి ఉంది.

మొదటి ప్రశ్న అందరికీ ఒకటే: 13 జామకాయలున్నాయి, ముగ్గురికి సమంగా పంచాలి. మూడో తరగతి పిల్లలు సున్నాలు గీసి పంచారు, తలా నాలుగు వచ్చి ఒకటి మిగిలింది. నాలుగో తరగతి వాళ్ళు అదే లెక్కను భాగహారంగా వేసి, భాగఫలం 4, శేషం 1 అని రాశారు. ఐదో తరగతి పిల్లవాడు లేచి, మిగిలిన కాయను కూడా కోసి పంచొచ్చు కదా అన్నాడు, నాలుగూ ఒకటి బై మూడు. ఒక్క ప్రశ్నకు మూడు లోతులు. ఆరు నిమిషాలు పట్టింది, ఆ ఆరూ మూడు తరగతులకూ చెందాయి.

తర్వాత ఆమె మూడో తరగతి దగ్గరికి వెళ్ళింది. చిన్నవాళ్ళు కాచుకుని ఉండలేరు కాబట్టి వాళ్ళే ముందు. వాళ్ళతో నోటి పని, అంటే అడగడం, చెప్పించడం. అదే సమయానికి నాలుగో తరగతికి గోడ పట్టీ మీద చేతి పని. ఐదో తరగతికి పుస్తకంలో మాదిరి లెక్క చదివి బొమ్మ గీసే పని. ఒక గదిలో రెండు నోటి పనులు ఒకేసారి పెట్టకూడదు, ఒకదాని చప్పుడు ఇంకొకదాన్ని మింగేస్తుంది. చప్పుడు చేసే పని పక్కన చప్పుడు లేని పనే ఉండాలి. పది నిమిషాలకు ఆమె నాలుగో తరగతికి మారింది. గోడ మీది లెక్కలన్నీ అప్పటికే దిద్దుకుని ఉన్నాయి. ఎందుకంటే ఆమె భాగహారాలే ఇచ్చింది. భాగఫలాన్ని భాజకంతో గుణించి శేషం కలిపితే మొదటి సంఖ్య రావాలి, రాకపోతే తప్పని పిల్లవాడికే తెలుస్తుంది. తనను తాను దిద్దుకునే పనిని ఏరి ఇవ్వడమన్నమాట. కూడికలు ఇచ్చి ఉంటే ప్రతివాడూ పలక పట్టుకుని ఆమె చుట్టూ మూగేవాడు. చివరి పది నిమిషాలు ఐదో తరగతికి, ఆఖరి నాలుగు నిమిషాలు మళ్ళీ అందరికీ. ఆమె ఎక్కడ నిలబడినా, మిగతా రెండు వరసలూ కనబడేలా గోడకు ఓరగా నిలబడింది. ఆ సంగతి నేను రెండోసారి చూసినప్పుడు గాని పట్టుకోలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 40 నిమిషాలను మూడు తరగతులకు మామూలుగా పంచితే తలా 13 నిమిషాల 20 సెకన్లు. ఈమె చేతిలో ఒక్కో తరగతికి సొంతంగా పది, ఉమ్మడిగా పది, మొత్తం 20 నిమిషాలు దక్కాయి. ఆరు నిమిషాల 40 సెకన్లను ఆమె తన నేర్పుతో పుట్టించింది.

ఈ నేర్పు మన నేలకు కొత్త కాదు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న మద్రాసు రెవెన్యూ బోర్డుకు తన జిల్లా బడుల మీద నివేదిక పంపాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ ఈయనే. తెలుగు, కన్నడం కలిసి నడిచే ఆ జిల్లాలో 533 వీధిబడులు, 6,641 మంది పిల్లలు లెక్కకు వచ్చారు. పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు చెప్పే పద్ధతిని, ఇసుకలో వేలితో రాయించే పొదుపును ఆయన మెచ్చుకున్నాడు. పొద్దున బడికి అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట, రెండోవాడికి సున్నా, మూడోవాడి నుంచి బెత్తం దెబ్బలు ఒక్కొక్కటిగా పెరిగేవట. బెత్తాన్ని నేను మెచ్చను. కానీ ఒక్క పంతులు గంటలు వృథా కాకుండా చూసుకోవడానికి ఎన్ని ఏర్పాట్లు చేసుకున్నాడో అందులో కనిపిస్తుంది. ఈ ‘పెద్దవాడు చిన్నవాడికి’ పద్ధతినే 1789లో మద్రాసు ఎగ్మూరు అనాథాశ్రమం బాధ్యత తీసుకున్న ఆండ్రూ బెల్ అక్కడ పెట్టి చూశాడు, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. మద్రాసు పద్ధతి అనే పేరుతో అది ఇంగ్లండు బీదబడుల్లో పాకింది.

అదే నివేదికలో క్యాంప్‌బెల్ చెప్పుకున్న ఇంకో సంగతి నన్ను వదలడం లేదు. ఆ 533 బడుల్లో ఒక్కదానికీ ప్రభుత్వం నుంచి పైసా అందడం లేదని, ఆ మాట చెప్పడానికి సిగ్గుపడుతున్నానని రాశాడు. పూర్వం పాలకులు ఇచ్చే ఆసరా పోయింది, జనం చేతిలో డబ్బు ఆడడం లేదు, బడులు తగ్గిపోతున్నాయి. పంతుళ్ళ నేర్పు చెక్కుచెదరలేదు, బడి మాత్రం నిలవలేదు.

మన రోజుల్లో ఈ నేర్పును ఒక పనిముట్టుగా మలచినవాళ్ళు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్ళు. 1980ల చివర నుంచి పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లో ఒక గది, ఒక టీచరు ఉండే బడులు నడుపుతూ, ఆ గదికి సరిపోయే సరంజామా తయారుచేశారు. దాని వెన్నెముక ‘నిచ్చెన’. ఒక్కో సబ్జెక్టును మెట్లుగా విడగొట్టారు, మెట్టుకు కొన్ని కార్డులు. ముందు పరిచయం చేసే కార్డు, తర్వాత సాధన కార్డులు, ఆ పైన పరీక్ష కార్డు. అందులో తడబడితే మళ్ళీ నేర్పే కార్డు, గెలిస్తే ఇంకాస్త ముందుకు తీసుకుపోయే కార్డు. ప్రతి కార్డు మీద ఒక బొమ్మ, ఒక అంకె. చదవడం ఇంకా రాని పిల్ల కూడా గోడ మీది నిచ్చెనలో తన మెట్టు దగ్గరి బొమ్మ చూసి, అరలోంచి అదే బొమ్మ ఉన్న కార్డు తెచ్చుకుంటుంది. ఆ బొమ్మే ఆమె ఎక్కడ కూర్చోవాలో కూడా చెబుతుంది: టీచరు సాయం పూర్తిగా కావాల్సిన చోటా, తోటి పిల్లల సాయంతో చేసే చోటా, ఒంటరిగా చేసుకునే చోటా.

ఇందులోని చాతుర్యం ఆ కూర్చునే ఏర్పాటులో ఉంది. టీచరు సమయం ఎవరికి, ఎప్పుడు కావాలో టీచరు తేల్చుకోనక్కర్లేదు, కార్డు తేల్చి పెడుతుంది. గదిలో 30 మంది ఉన్నా టీచరు అవసరం పూర్తిగా ఉన్నవాళ్ళు ఆ నిమిషాన కొద్దిమందే. ఆమె ఆ కొద్దిమందితో నేల మీద స్థిమితంగా కూర్చోగలదు. మిర్చి ఏరడానికి అమ్మానాన్నలతో పోయి పది రోజులకు తిరిగొచ్చిన పిల్లవాడు, తాను దిగిపోయిన మెట్టు దగ్గరే మళ్ళీ ఎక్కుతాడు. మిగతావాళ్ళు ముందుకు వెళ్ళిపోయారన్న బెంగ ఉండదు. కర్ణాటకలో హెచ్‌.డి.కోటె నుంచి మొదలైన ‘నలి–కలి’కి, 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై తమిళనాడంతా విస్తరించిన కార్యాచరణ పద్ధతికి ఇదే విత్తనం.

అయితే కార్డులు చినుగుతాయి, తడుస్తాయి, పోతాయి. ఏటా కొత్తవి రావాలి. కేంద్రం సమగ్ర శిక్ష కింద బడికి ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు 30 మంది దాకా ఉన్న బడికి ఏడాదికి 10,000, 100 మంది దాకా 25,000 రూపాయలు. సుద్దముక్కలు, చార్టులు, రిజిస్టర్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోంచే. నిచ్చెనను తయారుచేసినవాళ్ళు టీచరు ఖర్చు తప్పించడానికి దాన్ని తయారుచేయలేదు. టీచరు ఉంటుందన్న నమ్మకం మీదే దాని మెట్లన్నీ నిలబడి ఉన్నాయి.

ఆ నమ్మకానికి మన దగ్గర ఏమైందో చూడాలి. తెలంగాణలో 2017లో 8,792 టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తర్వాత నియామకాల దాకా వెళ్ళిన డీఎస్సీ నోటిఫికేషన్ 2024 ఫిబ్రవరి 29న, 11,062 పోస్టులకు. ఆ అక్టోబర్ 9న ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలిచ్చారు. నడుమ ఏడేళ్ళు టీచర్లు రిటైరవుతూనే ఉన్నారు. ఆ ఖాళీల్లో నిలబడింది నెలకు 12,000 రూపాయలకు పనిచేసిన విద్యా వాలంటీర్లు. 2020లో కోవిడ్‌తో బడులు మూతపడ్డాక వాళ్ళను తిరిగి తీసుకోలేదు. బడి ఊడ్చేవాళ్ళనూ ఆ కాలంలోనే మానిపించారు. 2024 ఆగస్టులో పిల్లల సంఖ్యను బట్టి శుభ్రతకు నెలకు 3,000 నుంచి 20,000 దాకా ఇవ్వడం మొదలుపెట్టే వరకు, చీపురు పట్టిన టీచర్లు ఎందరో. చీపురు పట్టిన పావుగంట కూడా ఆ గంటా 36 నిమిషాల్లోంచే పోతుంది.

డ్యూటీలు సరేసరి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షను జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప ఇతర పనులకు టీచర్లను వాడకూడదంటుంది. 2024 నవంబర్ 6న ఇంటింటి కుల సర్వే మొదలైనప్పుడు 36,000 మందికి పైగా ఎస్జీటీలను, అంటే ప్రాథమిక బడుల టీచర్లను, అందులోకి తీసుకున్నారు, ప్రాథమిక బడులు ఒంటిపూటకు మారాయి. సర్వే అవసరమా కాదా అనేది వేరే చర్చ, నా మటుకు అవసరమే అంటాను. కానీ దాన్ని చేయడానికి మనుషులను పెట్టుకునే ఖర్చును పిల్లల మధ్యాహ్నాలతో కట్టాం. 2025–26 రాష్ట్ర బడ్జెట్ 3,04,965 కోట్లు, అందులో విద్యకు 23,108 కోట్లు, అంటే నూటికి ఏడున్నర. ఆ ఏడున్నర ఎక్కడ చాలలేదో పెద్దసారు చార్టు గడిగడిగా చూపుతుంది.

చూపుతుంది, అది చదవడం తెలిస్తే. నా బాధ అక్కడే. ఈ పనివాళ్ళ నేర్పు ఎంత గొప్పదంటే, బయటినుంచి చూసేవాడికి లోటు కనబడదు. తనిఖీకి వచ్చిన అధికారి ప్రతి గదిలో ఒక టీచరును చూస్తాడు. తల్లిదండ్రులు గంట వేళకు మోగడం వింటారు. సాధన పీరియడ్‌లో పిల్లలు తలలు వంచుకుని లెక్కలు చేస్తుంటారు. లెక్కల పోస్టు ఖాళీ అని ఆ దృశ్యం చెప్పదు. మంచి దర్జీ వేసిన రఫ్ఫులో చిరుగు ఎక్కడుందో తెలియనట్టు, ఖాళీలన్నీ పీరియడ్ల నేతలో కలిసిపోయాయి. చేతగాని పెద్దసారు ఉన్న బడిలో పిల్లలు ఆరుబయట తిరుగుతుంటే ఊరు అడుగుతుంది, పత్రికలు రాస్తాయి. చేతనైన పెద్దసారు ఉన్నచోట అడిగేవాళ్ళే ఉండరు, పోస్టు మరో ఏడాది ఖాళీగానే గడిచిపోతుంది.

ఆ టీచరమ్మ పీరియడ్‌ను ఇంకోసారి గుర్తుచేసుకోండి. తన నేర్పుతో 13 నిమిషాలను 20 చేసింది. మిగిలిన 20 నిమిషాలు ఏ నేర్పుకూ లొంగవు. 13 జామకాయలను ఎంత ఒడుపుగా కోసినా 14 చేయలేం. ఆ 20లో కొన్నైనా రావాలంటే ఆ గదిలోకి ఇంకో మనిషి రావాలి, ఆ మనిషికి జీతం ఇవ్వాలి.

నేను బయల్దేరేటప్పుడు పెద్దసారు చార్టును మళ్ళీ మేకుకు తగిలిస్తున్నారు. ఎన్ని పెన్సిలు గళ్ళున్నాయని అడిగాను. ఆయన వెనుదిరిగి చూడకుండానే, “యాభై రెండు” అన్నారు. రోజూ లెక్కపెట్టుకునే మనిషిలా.

మీ పిల్లలు సర్కారు బడికి పోతున్నా, పోకపోయినా, మీ ఇంటికి దగ్గరి బడికి ఒకసారి వెళ్ళండి. టైం టేబుల్ ముందు నిలబడి, రెండు ప్రశ్నలు అడగండి: ఏ సంతకం ఏ బడి నుంచి వచ్చింది, ఏ గడి ఎన్నాళ్ళుగా పెన్సిలుతో ఉంది. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. మీది రంగారెడ్డి జిల్లా అయితే, కొంగరకలాన్‌లోని జిల్లా కలెక్టరేట్‌లో సోమవారాలు ప్రజావాణి జరుగుతుంది. అక్కడ ఇవ్వండి.